మూలికల్లోని యాంటీఆక్సిడెంట్ శాతాలు, అమ్మగారి మోకాళ్ళ నొప్పి

మీరు రెండు సంగతులు అడిగారు. పసుపు, తిప్పతీగ, ఉసిరి, అశ్వగంధ, నేలవేము మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో యాంటీఆక్సిడెంట్ శాతాలు, వాపు తగ్గించే శాతాలు ఇచ్చారు కదా, వాటిని పట్టికగా పంపి, పోల్చి ఏది మేలైనదో చెప్పమన్నారు. మోకాళ్ళ అరుగుదలతో బాధపడుతూ, రక్తం పలచబరిచే మాత్ర కూడా వాడుతున్న మీ అమ్మగారికి వాటిలో ఒకదాన్ని క్యాప్సూల్‌గా ఇవ్వవచ్చా అని కూడా అడిగారు. మొక్కల సారాలను పరీక్షించడమే నా పని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. ముందుగా ఒక మాట: ఆ శాతాలను చూసి మందు ఎంచుకోవద్దు. చాలావరకు అవి నిజాయితీగా కొలిచిన అంకెలే. కానీ అవి కొలిచింది మీ అమ్మగారి మోకాలికి పనికొచ్చే గుణాన్ని కాదు.

ఆ శాతం ఎలా వస్తుందో చూడండి. పత్రాల్లో ఎక్కువగా కనిపించేది డీపీపీహెచ్ పరీక్ష. 1958 నుంచి వాడుకలో ఉంది. డీపీపీహెచ్ అనేది ప్రయోగశాలలో తయారు చేసిన, స్థిరంగా ఉండే ఒక ఫ్రీ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. ఆల్కహాలులో కరిగిస్తే ముదురు ఊదా రంగులో ఉంటుంది. అందులో మొక్క సారం కలిపి, అరగంట చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు ఎంత తగ్గిందో కొలుస్తారు. రంగు 90 శాతం పోతే 90 శాతం యాంటీఆక్సిడెంట్ గుణం అని రాస్తారు. పరీక్ష సులువు, ఖర్చు తక్కువ, ఒక్క మధ్యాహ్నంలో పదుల నమూనాలు అయిపోతాయి. కానీ ఈ రాడికల్ మన ఒంట్లో ఎక్కడా ఉండదు. పైగా ఫీనాల్ జాతి పదార్థాలు ఉన్న ప్రతి ఆకూ, బెరడూ ఈ పరీక్షలో నెగ్గుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి, పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్కలన్నీ ఫీనాల్స్‌ను తయారు చేసుకుంటాయి. అందుకే యాంటీఆక్సిడెంట్ గుణం లేని మొక్కను వెతికి పట్టుకోవడమే కష్టం. వందలాది మొక్కల మీద ఒకే రకం పత్రాలు రావడానికి ఇదే కారణం.

ఇక మోతాదు సంగతి. పరీక్షలో సారం నేరుగా రాడికల్‌ను తాకుతుంది, మిల్లీలీటరుకు 50, 100 మైక్రోగ్రాముల గాఢతతో. నోటి ద్వారా తీసుకున్నప్పుడు మొక్కల ఫీనాల్స్‌లో చాలా భాగం పేగు దాటదు. దాటినదాన్ని పేగు గోడ, కాలేయం కలిసి గ్లూకురోనైడ్లు, సల్ఫేట్లు అనే వేరే రూపాల్లోకి మార్చేస్తాయి. చివరికి రక్తంలో మిగిలేది, గాఢతను మైక్రోమోలార్లలో కొలిస్తే, సాధారణంగా ఒక మైక్రోమోలార్‌కు అటూ ఇటూ, తరచూ అంతకన్నా తక్కువే. అదే రక్తంలో యూరిక్ ఆమ్లం 300 మైక్రోమోలార్ దాకా, విటమిన్ సి 50 మైక్రోమోలార్ దగ్గర ఉంటాయి. కణాల లోపల వాటి సొంత యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయాన్ అయితే మిల్లీమోలార్ స్థాయిలో, అంటే ఇంకో వెయ్యి రెట్ల కొలమానంలో ఉంటుంది. ఆ నిల్వకు మూలిక నుంచి వచ్చే ఫీనాల్‌ను నేరుగా కలపడం నిండు చెరువులో చెంబెడు నీళ్ళు పోయడమే.

దీని గురించి 2004లో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. ఆపిల్ పళ్ళు తిన్నాక రక్తంలో యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం పెరగడం అంతకుముందే గమనించారు. అది పండులోని ఫ్లేవనాయిడ్ల పుణ్యమే అనుకున్నారు. లోటిటో, ఫ్రై అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలిస్తే, పండులోని ఫ్రక్టోజ్ వల్ల ఒంట్లో యూరిక్ ఆమ్లం పెరిగిందని, కొలతలో కనబడిన పెరుగుదల దానిదేనని తేలింది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల ఓరాక్ విలువల (ఇంకో రకం యాంటీఆక్సిడెంట్ అంకెల) పట్టికను తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. పరీక్షనాళికలో కొలిచిన ఆ విలువలకూ మనుషుల ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదని, వ్యాపారులు మాత్రం వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నారని కారణం చెప్పింది. అయినా ఓరాక్ అంకెలు నేటికీ సీసాల మీద కనిపిస్తూనే ఉన్నాయి. నాకు బాధ కలిగించే విషయం ఇది.

ఆక్సిడెంట్లన్నీ శత్రువులన్న భావన కూడా వదిలేయాలి. మన తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ కావాలనే సూపరాక్సైడ్‌ను, హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారు చేసి సూక్ష్మజీవులను చంపుతాయి. ఆ సూపరాక్సైడ్‌ను తయారు చేసే ఎంజైము పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు క్రానిక్ గ్రాన్యులోమేటస్ వ్యాధి వస్తుంది. మళ్ళీ మళ్ళీ తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వాళ్ళను వేధిస్తాయి. వ్యాయామంలో పుట్టే ఆక్సిడెంట్లు కూడా కండరానికి ఒక సంకేతం. 2009లో జర్మనీలో జరిగిన అధ్యయనంలో వ్యాయామం చేస్తూ రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవారికి, ఇన్సులిన్ పనితీరులో వ్యాయామం వల్ల రావలసిన మెరుగుదల రాలేదు. విటమిన్లు తీసుకోనివారికి వచ్చింది. ఇంకా గట్టి ఉదాహరణ ఫిన్లాండ్‌ది. 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చిన అమెరికా ట్రయల్‌ను ఇదే కారణంగా 1996లో మధ్యలోనే ఆపేశారు. ఈ రెండూ నేరుగా మూలికల మీద జరిగినవి కావు, ఒప్పుకుంటాను. కానీ యాంటీఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న లెక్కను మనుషుల మీద పరీక్షించినప్పుడు జరిగింది ఇదే.

ఇప్పుడు వాపు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఔషధ మొక్కల అసలు బలం ఇక్కడుంది. వాపు తగ్గడానికి కారణం యాంటీఆక్సిడెంట్లేనని చాలా పత్రాలు రెండింటినీ ఒకే వాక్యంలో ముడిపెట్టేస్తాయి. చరిత్రలో నిజంగా నిలబడిన మొక్కలను చూస్తే ఆ ముడి వదులైపోతుంది.

విల్లో చెట్టు బెరడు జ్వరాలకు పనిచేస్తుందని ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండ్ మతాచార్యుడు 1763లో రాయల్ సొసైటీకి రాశాడు. 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ ఆ బెరడు నుంచి సాలిసిన్‌ను వేరు చేశాడు. అది ఒంట్లో సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. 1897లో ఆస్పిరిన్ తయారైంది. అది వాపు, నొప్పి రేపే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ప్రోస్టాగ్లాండిన్లను తయారు చేసే కాక్స్ ఎంజైములోని ఒక నిర్దిష్ట స్థానానికి ఆస్పిరిన్ తన ఎసిటైల్ గుంపును అంటిస్తుంది. రాడికల్స్‌ను పట్టుకోవడంతో ఆ పనికి సంబంధమే లేదు.

కాల్చిసిన్ ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం. ఆటమ్ క్రోకస్ దుంపలోనూ, మనకు తెలిసిన అగ్నిశిఖ మొక్కలోనూ ఉంటుంది. గౌట్ నొప్పికి వందల ఏళ్ళుగా వాడుతున్నారు. కణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని న్యూట్రోఫిల్స్ కదలికను మందగింపజేస్తుంది, ఇన్‌ఫ్లమసోమ్ అనే వాపు యంత్రాంగాన్ని అణుస్తుంది. గుండెపోటు వచ్చిన 4,745 మందితో జరిగిన ట్రయల్లో రోజుకు 0.5 మిల్లీగ్రాముల మోతాదు తర్వాతి గుండె సంఘటనలను తగ్గించిందని 2019లో వెల్లడైంది. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మోతాదును గుండె జబ్బులకు అనుమతించింది. 2024లో వచ్చిన ఇంకో పెద్ద ట్రయల్లో ప్రయోజనం కనబడలేదు కాబట్టి చర్చ నడుస్తూనే ఉంది. నేను చూపదలచుకున్నది వేరు: కాల్చిసిన్ నిర్మాణంలో రాడికల్స్‌ను పట్టే స్వేచ్ఛా ఫీనాల్ గుంపు ఒక్కటీ లేదు. మీరు పంపిన తరహా పట్టికలో అది అట్టడుగున ఉంటుంది. అగ్నిశిఖ దుంప మాత్రం ప్రాణాంతక విషం, మోతాదు కొంచెం తప్పినా మనిషి దక్కడు. ఇంట్లో దాన్ని ముట్టుకోవద్దు.

శల్లకి, అంటే అందుగు చెట్టు జిగురులో ఉండే బోస్వెల్లిక్ ఆమ్లాలూ ఇలాంటివే. వాపు రేపే ల్యూకోట్రైన్లను తయారు చేసే 5-లైపాక్సిజినేజ్ ఎంజైమును అవి అడ్డుకుంటాయి. నేలవేములోని ఆండ్రోగ్రఫోలైడ్ వాపు జన్యువులను నడిపే ఎన్ఎఫ్-కప్పా-బి ప్రోటీన్‌లోని సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లానికి నేరుగా అతుక్కుంటుంది. రెండింటికీ ఫీనాల్ గుంపు లేదు. ఒక మొక్క వాపును తగ్గించాలంటే దానిలోని ఫలానా అణువు ఒంట్లో ఫలానా ప్రోటీన్‌ను పట్టుకోవాలి. డీపీపీహెచ్ ఆ సంగతి ఎన్నటికీ చెప్పలేదు.

అయితే మొక్కల ఫీనాల్స్‌కు ఒంట్లో యాంటీఆక్సిడెంట్ పాత్రే లేదని కాదు. వాటిలో కొన్ని కణానికి స్వల్పమైన రసాయన ఒత్తిడి కలిగిస్తాయి. కీప్1 అనే ప్రోటీన్ ఆ ఒత్తిడిని పసిగట్టి ఎన్ఆర్ఎఫ్2 అనే మరో ప్రోటీన్‌ను వదిలిపెడుతుంది. అది కేంద్రకంలోకి వెళ్ళి గ్లూటాథయాన్ తయారీని, కణం సొంత రక్షణ ఎంజైములను పెంచుతుంది. అంటే మూలిక రాడికల్‌ను తానుగా పట్టుకోనక్కర్లేదు, కణం తన పని తాను చేసుకునేలా ప్రేరేపిస్తుంది. దీనికి కొద్ది మోతాదు చాలు, మోతాదు మితిమీరితే ఆ ఒత్తిడే నష్టం. కాలేయం దెబ్బతిన్న కేసుల గురించి కింద రాసినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మీరు పంపిన రెండో రకం అంకెలు ఎలుకల పాదం వాపువి. సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్‌ను ఎలుక పాదంలోకి ఎక్కించి, కొన్ని గంటల్లో వాపు ఎంతయిందో కొలిచే పరీక్ష అది. 1962 నుంచి ఉంది, ఇండోమెథాసిన్ లాంటి మందులను వెతకడానికి బాగా పనికొచ్చింది. కానీ సారాన్ని సాధారణంగా వాపు రాకముందే, అరగంటో గంటో ముందు ఇస్తారు. అదీ నాలుగైదు గంటల వాపు, ఏళ్ళ తరబడి నలుగుతున్న మోకాలు కాదు. మోతాదు కిలోకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు 6.2తో భాగిస్తారు. 400ను భాగిస్తే కిలోకు సుమారు 65 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి దాదాపు 4 గ్రాముల గాఢ సారం. ఎండిన మొక్క నుంచి పదో వంతు సారం వస్తుందనుకుంటే 40 గ్రాముల ఎండు మొక్క, రోజూ. ఈ లెక్క వేసి చూస్తే సగం పత్రాలు అక్కడే పక్కన పెట్టవచ్చు.

కణాల మీద చేసే పరీక్షలకూ ఉచ్చులున్నాయి. మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి, సారం పోశాక, వాపుకు గుర్తుగా అవి వదిలే నైట్రిక్ ఆక్సైడ్ ఎంత తగ్గిందో చూస్తారు. సారం విషమై కణాలు చచ్చినా నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది! కణాలు బతికున్నాయని అదే మోతాదు దగ్గర వేరుగా చూపించని పత్రాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఉసిరి, కరక్కాయ లాంటి టానిన్లు దండిగా ఉన్నవాటితో ఇంకో చిక్కు. టానిన్లు దాదాపు ఏ ప్రోటీన్‌నైనా పట్టి ఉంచుతాయి, అందువల్ల ఏ ఎంజైముతో పరీక్షించినా అడ్డుకున్నట్టే కనబడుతుంది. ముందు పాలిఅమైడ్ లాంటిదానితో టానిన్లను తీసేసి మళ్ళీ పరీక్షించాలి. ఆ పని చేసినవారు అరుదు.

పసుపు గురించి విడిగా రాయాలి, ఎందుకంటే మీ పట్టికలో మీ అమ్మగారి సమస్య మీద మనుషుల్లో కొంత సమాచారం ఉన్నది దీనికే. పసుపు కొమ్ములో కర్కుమినాయిడ్లు స్థూలంగా 2 నుంచి 5 శాతం. కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, పేగులో సరిగా ఎక్కదు, ఎక్కిన కాస్తా వెంటనే రూపం మారిపోతుంది. గ్రాముల కొద్దీ మింగినా రక్తంలో స్వేచ్ఛా కర్కుమిన్ నామమాత్రంగానే కనబడుతుంది. పైగా అది తానే మెరుస్తుంది, ప్రోటీన్లకు అడ్డదిడ్డంగా అతుక్కుంటుంది, తటస్థ ద్రావణంలో నిమిషాల్లో విడిపోతుంది. అందువల్ల లేని ప్రభావం ఉన్నట్టు పరీక్షల్లో కనబడే అణువుల కోవలో దాన్ని చేర్చుతూ 2017లో రసాయన శాస్త్రవేత్తల బృందం ఒక పెద్ద సమీక్ష రాసింది. ఆ విమర్శ న్యాయమైనదే అని నా అభిప్రాయం.

అయినా మనుషుల మీద జరిగిన ట్రయల్స్‌ను కొట్టిపారేయలేం. థాయ్‌లాండ్‌లో 367 మంది మోకాళ్ళ అరుగుదల రోగులకు నాలుగు వారాలపాటు కొందరికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, కొందరికి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఇచ్చారు. నొప్పి తగ్గడంలో రెండూ దాదాపు సమానంగా తేలాయి, కడుపునొప్పి లాంటి ఇబ్బంది పసుపు తీసుకున్నవారికి తక్కువ. ఆ ఫలితం 2014లో వచ్చింది. 2020లో ఆస్ట్రేలియా నుంచి మరొకటి వచ్చింది: మోకాలిలో నీరు చేరిన 70 మందికి 12 వారాలు పసుపు సారమో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చారు. పసుపు వాడినవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. కానీ ఎంఆర్‌ఐ తీసి చూస్తే మోకాలిలో నీరు, లోపలి పొర వాపు ఉత్తుత్తి మాత్ర వాడినవారికన్నా తగ్గలేదు. నొప్పి తగ్గింది, కొలవగలిగిన వాపు తగ్గలేదు. పసుపు ఏ దారిన పనిచేస్తుందో మనం అనుకున్న కథ పూర్తి కాదని దీనర్థం. అయినా రోగికి నొప్పి తగ్గడమే కావాలి, నేనైతే దాన్ని చిన్నచూపు చూడను.

శల్లకికీ కొద్దిపాటి ఆధారం ఉంది. మోకాళ్ళ అరుగుదలకు వాడే మూలికల మీద 2014లో వచ్చిన కాక్రేన్ (ట్రయల్స్‌ను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, 85 మంది పాల్గొన్న రెండు అధ్యయనాలను కలిపి చూస్తే, గాఢత పెంచిన సారం రోజుకు 100 మిల్లీగ్రాములు 90 రోజులు వాడినప్పుడు 100 పాయింట్ల కొలతలో నొప్పి ఉత్తుత్తి మాత్రకన్నా సుమారు 17 పాయింట్లు తగ్గింది. సంఖ్య చిన్నది, కానీ కొలిచింది మనుషుల నొప్పిని. మీ పట్టికలోని మిగతావాటిలో నేలవేము జలుబు, గొంతునొప్పి కోసం, అశ్వగంధ ఒత్తిడి, నిద్ర కోసం ఎక్కువగా పరీక్షించబడ్డాయి. ఉసిరి ఆహారంగా మంచిదే. మోకాలికి ఈ మూడింటినీ నేను సూచించను.

తిప్పతీగ వద్దు. కోవిడ్ కాలంలో దాన్ని విరివిగా వాడాక కాలేయం దెబ్బతిన్నవారిలో 43 మంది వివరాలను భారతదేశంలోని కాలేయ నిపుణులు 2022లో ప్రచురించారు. చాలామందిలో అది, ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలి ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ అంతకుముందు వచ్చిన ఇలాంటి నివేదికను ఒప్పుకోలేదు, పోలికలున్న వేరే తీగ కలిసి ఉండవచ్చంది. వాదన ఎటు తేలినా, థైరాయిడ్, కీళ్ళవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారు దాన్ని ముట్టకపోవడమే క్షేమం.

ఇక మీ అమ్మగారి విషయం. ఆవిడ రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నారు, అన్నిటికన్నా ముందు చూడాల్సింది అది. ఆ మాత్ర వార్ఫరిన్ అయితే పసుపు క్యాప్సూల్ గానీ, శల్లకి గానీ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు. వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చూపే కొలత) 10 దాటిందని న్యూజిలాండ్ ఔషధ నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ 2018లో హెచ్చరించింది. ఐఎన్ఆర్ అంతకెళ్తే లోపల రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంటుంది. శల్లకితో కూడా ఐఎన్ఆర్ పెరిగిన కేసులు నమోదయ్యాయి. ఆ మాత్ర క్లోపిడోగ్రెల్ లాంటిదైనా, కొత్తతరం మందైనా డాక్టరుతో మాట్లాడాకే. ఆహారంలో పడే పసుపు వేరు, రోజుకు గ్రాము గాఢ సారం వేరు. ఆహారం గురించి కంగారు పడనక్కర్లేదు.

డాక్టరు సరేనన్నా, మిరియాల సారం పైపరిన్ కలిపిన క్యాప్సూల్ మాత్రం తీసుకోవద్దని నా సలహా. 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే శోషణ 20 రెట్లు పెరిగిందని 1998లో వచ్చిన అధ్యయనాన్ని ప్రకటనలన్నీ చూపిస్తాయి. కానీ పైపరిన్ ఆ పని చేసేది మందులను విరిచే కాలేయ ఎంజైములను అడ్డుకునే. ఆవిడ వాడే ఇతర మాత్రల స్థాయి కూడా దానితో పాటు రక్తంలో పెరగవచ్చు. పసుపు సారాలతో కాలేయం దెబ్బతిన్న కేసులను అమెరికా పరిశోధకులు 2022లో విశ్లేషిస్తే, వాటిలో పలు ఉత్పత్తుల్లో పైపరిన్ కూడా ఉంది. దెబ్బతిన్నవారిలో ఎక్కువమందికి హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యురూపం ఉంది. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, తెలియని దురద, ఆకలి చచ్చిపోవడం కనబడితే అదే రోజు ఆపి రక్తపరీక్ష చేయించాలి.

ఒకటి రెండు రోజుల్లోనే అద్భుతంగా నొప్పి మాయం చేసే మూలికా మందు ఎవరైనా ఇస్తే అనుమానించండి. మోకాళ్ళ అరుగుదలకు వాడే మూలికలు సాధారణంగా అంత త్వరగా పనిచేయవు. కీళ్ళనొప్పి ఉత్పత్తుల్లో లేబుల్ మీద రాయకుండా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిపిన సంగతిని ఎఫ్‌డీఏ 2022లో బయటపెట్టింది. స్టెరాయిడ్ కలిసినదాన్ని వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథి చేతులెత్తేస్తుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటిది ఇప్పటికే వాడి ఉంటే మీరుగా ఆపకుండా, ఆ సీసాను డాక్టరుకు చూపించండి.

డాక్టరు ఒప్పుకుంటే ఇలా చేయండి. ఒకే మొక్క, ఒకే ఉత్పత్తి. కర్కుమినాయిడ్లు లేదా బోస్వెల్లిక్ ఆమ్లాలు ఎన్ని మిల్లీగ్రాములో, ఏ బ్యాచ్‌లో సీసం, ఇతర లోహాలు పరీక్షించారో రాసి ఉన్నదే ఎంచుకోండి. శల్లకి అయితే కొవ్వు ఉన్న భోజనంతో తీసుకోవాలి, అప్పుడే ఒంటికి పడుతుంది. మొదలుపెట్టే ముందు కాలేయం పనితీరు చూపే ఎల్‌ఎఫ్‌టీ, వార్ఫరిన్ వాడుతుంటే ఐఎన్ఆర్ చేయించి, నాలుగో వారంలో ఎల్‌ఎఫ్‌టీ మళ్ళీ చేయించండి. ఐఎన్ఆర్ మాత్రం మొదటి వారంలోనే చూడాలి, ఆ తర్వాత ఎన్నాళ్ళకొకసారో డాక్టరు చెబుతారు. రోజూ మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి పదిలో ఎంతుందో ఆవిడనే ఒక పుస్తకంలో రాయమనండి. తొడ కండరాల వ్యాయామం ఈలోగా మానొద్దు, మోకాళ్ళ అరుగుదలకు దాని ఆధారం ఈ మొక్కలన్నిటికన్నా గట్టిది. 12 వారాల తర్వాత పుస్తకంలో అంకె తగ్గకపోతే క్యాప్సూల్ ఆపేయండి. మోతాదు పెంచి చూడొద్దు. మీ అమ్మగారు వాడే మాత్రల పేర్లన్నీ ఇక్కడ రాస్తే ఏది దేనితో కుదరదో విడివిడిగా చెబుతాను.